వీపుకు తగలని కుట్టు

పొద్దున మిషను మీది గుడ్డ తీసేటప్పుడు కుట్టక్క ముందుగా తలుచుకునేది దేవుణ్ణి కాదు, తాళాలాయన్ని. పదకొండేళ్ళుగా అదే వరస. దేవుడు వచ్చింది రెండేళ్ళ కిందట. వచ్చి, ఆమె లోపల పేరుకున్న సామానంతా ఒక్కొక్కటే బయట పడేశాడు గానీ ఈ ఒక్క ఇనప బీరువా మాత్రం ఆయనకీ కదల్లేదు. నలభై కొత్త దుప్పట్లు ఆసుపత్రి స్టోరులో పెట్టుకుని, ఒక్కటి ఇమ్మని ఒక తల్లి చేతులు పట్టుకుని అడిగితే, "అవి తనిఖీకి పెట్టినవమ్మా" అని తాళం వేసి, తాళంచెవుల గుత్తి నడుముకు దోపుకుని భోజనానికి వెళ్ళిపోయిన మనిషి అతను. తిట్టలేదు, కసరలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదేమో.

దారం కొస నోట్లో తడిపి, మూడో ప్రయత్నానికి సూదిలోకి ఎక్కించి, ఆమె మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆసుపత్రి అడుగు అంతస్తులో లాండ్రీకీ శవాల గదికీ మధ్య ఇరుక్కున్న గది అది. ఎత్తున ఒకే ఒక్క కిటికీ. అందులోంచి వీధిలో నడిచేవాళ్ళ పాదాలు తప్ప మరేమీ కనపడవు. మూడు గోడలకి అరలు. అరల్లో దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషను గుడ్డలు, పసిపిల్లల్ని చుట్టే గుడ్డలు. నాలుగో గోడకి ఆనుకుని మిషను. ఎప్పుడూ ఆవిరి వాసన, సోడా వాసన. గోడకి తగిలించిన క్యాలెండరు కూడా చెమ్మకి ఉబ్బి ఉంటుంది.

కుట్టక్కకి అరవై రెండేళ్ళు. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి గుడ్డను తోసీ తోసీ ఎడమ భుజం కుడిదానికన్నా కిందకి దిగిపోయింది. చూపుడు వేలి కొన సూదిపోట్లకి కొమ్ములా గట్టిపడింది. వేడి పాత్ర తగిలినా ఆ వేలికి తెలియదు. అరవై నిండిన రోజున పై అధికారులు నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పంపించారు. ఆమె చోటులోకి ఎవర్నీ వెయ్యలేదు. చిరిగిన దుప్పట్లు మాత్రం పదవీ విరమణ చెయ్యలేదు కాబట్టి, నెల తిరక్కుండా రోజుకూలీకి మళ్ళీ రమ్మన్నారు. వచ్చింది.

దుప్పటి ఎప్పుడూ నడుమనే చస్తుంది. మనిషి పడుకునేది అక్కడే కదా. నడుమ దోమతెరలా పలచబడి చిరుగు పట్టేసరికి కూడా అంచులు కొత్తవాటిలాగే ఉంటాయి. అటువంటి దుప్పటిని కుట్టక్క నిలువునా రెండుగా చింపుతుంది. చింపి, అటు అంచునీ ఇటు అంచునీ నడుమకి తెచ్చి కలుపుతుంది. బలమున్న గుడ్డ మనిషి కిందకి వస్తుంది, చిల్లులు పడింది పక్కలకి పోయి పరుపు కింద దాక్కుంటుంది. దుప్పటి మరో మూడేళ్ళు బతుకుతుంది. కష్టమంతా ఆ నడిమి కుట్టుతోనే. ఆమె దాన్ని మిషను మీద వెయ్యదు. అంచు మీద అంచు గోరంత మందాన పరిచి, చేత్తో సన్నగా రెండు వరసలు కుట్టి, సీసా అడుగుతో రుద్ది రుద్ది అణిచి, చివర్న కళ్ళద్దాలు తీసేసి కుట్టు పొడవునా చెంప ఆనించి చూసుకుంటుంది. చెంపకి తగిలిందంటే విప్పడమే. ఒక్క దుప్పటికి పూట పడుతుంది. లాండ్రీలో కొత్తగా చేరినవాళ్ళు చూసి, "ఆవిడేంటి, దుప్పటికి ముద్దులు పెడుతోంది?" అని నవ్వుకుంటారు. పాతవాళ్ళు నవ్వరు.

ఇవాళ మిషను మీద గలీబులే. కాబట్టి పాట కూడా సాగుతోంది. ఆమె గొంతు తలుపు కీలులా ఉంటుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. ప్రార్థన మందిరంలో హార్మోనియం వాయించే మాస్టారు మొదట్లో ఆమెని ముందు వరసలో కూర్చోబెట్టి, రెండో వారానికి మూడో వరసకి, నెలకల్లా తలుపు దగ్గరికి జరిపాడు. "గాలి బాగా వస్తుందమ్మా అక్కడ" అన్నాడు. ఆమె పడీ పడీ నవ్వి అక్కడే స్థిరపడిపోయింది.

"అక్కా!" అంటూ మురికి గుడ్డల బండి తోసుకుంటూ గంట ఆయా లోపలికి వచ్చింది. పేరుకి తగ్గ గొంతు. ఆమె మెట్ల మీద దగ్గితే మూడో అంతస్తులో రోగులు లేచి కూర్చుంటారు. "నీ పాట లాండ్రీ దాకా వస్తోంది. బాయిలరు భయపడి ఆగిపోయింది."

"నువ్వు దాని ముందు నుంచి నడిచొచ్చావు కదే. నన్నెందుకంటావ్?"

"పొద్దున్నే మొదలెట్టకు. మోకాళ్ళు చచ్చిపోతున్నాయి." ఆయా బండి అంచు మీద కూర్చుంది. కూర్చుందేగానీ మాట్లాడలేదు. గంట మోగకుండా ఉందంటే ఏదో ఉందని కుట్టక్కకి అర్థమైంది. పెడల్ ఆపింది.

"చెప్పు."

"మగాళ్ళ వార్డులో నాలుగో మంచానికి మెత్తటి దుప్పటి కావాలంట. సిస్టరమ్మ అడగమంది. ఈ కొత్తవి గోనెసంచుల్లా ఉన్నాయి కదా, వీపంతా పుళ్ళు, చర్మం ఊడొస్తోంది. పాత నూలుదైతే మంచిదంట."

నాలుగో మంచం ఎవరిదో కుట్టక్క అడగలేదు. తాళాలాయన ఆ మంచం మీదకి వచ్చి పద్దెనిమిది రోజులైంది. ఈ పద్దెనిమిది రోజులూ ఆమె ఆ వార్డు వైపు మెట్లు ఎక్కలేదు.

"పాత నూలువి ఇంకెక్కడున్నాయే? అన్నీ తుడుపుగుడ్డలైపోయాయి" అంది.

గంట ఆయా కళ్ళు ఒక్క క్షణం కింది అర మూల వైపు పోయి, తప్పు చేసినట్టు వెనక్కి వచ్చేశాయి. "అదే అక్కా, లేవని చెప్పేస్తాలే. నిన్నెవరూ ఏమనరు. అనడానికి ఎవరికి నోరుంది?" లేచి బండి పట్టుకుంది. గుమ్మం దగ్గర తిరగకుండానే అంది: "ఇస్తే సాయంత్రం లోపు ఇమ్మంది సిస్టరమ్మ. ఆ తర్వాత అక్కర్లేకపోవచ్చంట."

బండి చక్రాల చప్పుడు లాండ్రీ వైపు పోయింది. కుట్టక్క చేతిలో గలీబు అలాగే ఉండిపోయింది.

కింది అర మూలన, పసిపిల్లల గుడ్డల వెనక, కాగితంలో చుట్టిన దుప్పటి ఒకటి ఉంది. తెల్లటి నూలుది. పదకొండేళ్ళుగా ఏ లెక్కలోనూ లేదు. ఆమె ఒక్కగానొక్క కొడుకు పంతొమ్మిది రోజులు పడుకున్న దుప్పటి.

ఆ రోజుల్లో ఆమె నడిమి కుట్టు మిషను మీదే వేసేది. అంచుల్ని రెండేసి మడతలు మడిచి, మూడు వరసలు కొట్టేది. గట్టు కట్టినట్టు ఉండేది. కుట్టక్క కుట్టిన దుప్పటి మళ్ళీ మరమ్మతుకి రాదని ఆసుపత్రంతా చెప్పుకునేవారు. ఆమెకీ గర్వంగానే ఉండేది. దుప్పటికి బలం కావాలనుకుంది గానీ, దాని మీద ఒక వీపు ఉంటుందని, ఆ వీపు అటూ ఇటూ కదల్లేక రాత్రింబవళ్ళు ఆ గట్టు మీదే ఉండిపోతుందని ఏనాడూ తట్టలేదు. పాదాలు తప్ప కనపడని గదిలో కూర్చున్న మనిషికి ఎలా తడుతుంది?

కొడుక్కి ఇరవై మూడు. మూత్రపిండాలు చెడిపోయాయి. పద్నాలుగో రోజున, ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ మిగలని రోజున, "అమ్మా, కింద ఏదో కర్రలా తగులుతోందే" అన్నాడు. ఆమె చెయ్యి పెట్టి తడిమింది. తన కుట్టే. వాడికీ తెలిసింది. "ఎవరు కుట్టారో గానీ భలే గట్టిగా కుట్టారు" అని నవ్వబోయాడు. అప్పుడే ఆమె స్టోరుకి పరిగెత్తింది. అప్పుడే తాళాలాయన తనిఖీ మాట అన్నాడు. ఆసుపత్రిలో తనిఖీ అంటే మాటలు కాదు. ఎవరికీ కనపడదు, ఎప్పుడొస్తుందో తెలియదు, దాని కోసం మాత్రం అందరూ అన్నీ దాచిపెడతారు. మరో ఐదు రోజులు వాడు ఆ గట్టు మీదే ఉన్నాడు. వాడు పోయిన ఏడాదికి, లారీల బ్రేకులు బాగుచేసే ఆమె భర్త ఒక మధ్యాహ్నం పడుకుని మళ్ళీ లేవలేదు. ఇల్లు ఖాళీ చేసి ఆమె చెల్లెలింటి వెనక గదిలోకి మారింది. చేతికుట్టు మాత్రం కొడుకు పోయినప్పుడే మొదలుపెట్టింది. మాట అప్పుడే మానేసింది. తొమ్మిదేళ్ళ పాటు లాండ్రీలో ఆమె పేరు 'మూగమిషను'.

దేవుడి దగ్గరికి కూడా ఆమె కుట్టుపనికే వెళ్ళింది. రేకుల షెడ్డులో ఉన్న ప్రార్థన మందిరానికి తలుపు వైపు నుంచి ఎండ కొడుతోందని, ఒక తెర కుట్టిపెట్టమని గంట ఆయా బతిమాలింది. కుట్టి తీసుకెళ్ళి, స్టూలు ఎక్కి తగిలిస్తోంది. కింద పాస్టరు ఒక సమాధి గురించి చెబుతున్నాడు. మూడో రోజు వెళ్ళి చూస్తే ఖాళీగా ఉందట. ఒంటికి చుట్టిన గుడ్డలు ఉన్నాయట. తలకి కట్టిన గుడ్డ మాత్రం విడిగా, ఒక పక్కన, మడిచిపెట్టి ఉందట.

"ఆగండి" అంది స్టూలు మీది నుంచి. నోట్లో పిన్నులున్నాయి, తీసింది. "మడిచిపెట్టి ఉందా?"

అందరూ తలలు తిప్పారు. పాస్టరు మంచివాడు. "అవునమ్మా, విడిగా" అన్నాడు.

"ఎవరు మడిచారు?"

"మీరేమనుకుంటున్నారు?"

ఆమె స్టూలు దిగింది. "నేను ఆసుపత్రిలో బట్టలు చూస్తానండీ, ముప్ఫై ఏళ్ళ నుంచి. పోయినవాళ్ళ గుడ్డ మూటగానే వస్తుంది. ఎవరూ మడవరు. మడిచే మనసు ఎవరికుంటుంది? దొంగలెత్తుకుపోయినా మడవరు, వాళ్ళకి తీరికుండదు. నయమై ఇంటికెళ్ళేవాళ్ళున్నారే, వాళ్ళు, అదీ నూటికో కోటికో ఒకళ్ళు, పొద్దున్నే లేచి తమ గుడ్డ తామే మడిచి మంచం మీద పెట్టి వెళ్తారు." ఆమె అంత పొడుగు మాట మాట్లాడి తొమ్మిదేళ్ళయింది. "అయితే ఆయన నయమయ్యే వెళ్ళాడన్నమాట."

పాస్టరు ఆ పూటకి పుస్తకం మూసేశాడు. చెప్పడానికి ఏం మిగిలింది గనక.

ఆమె మళ్ళీ వారం వెళ్ళింది. ఆ పై వారం వెళ్ళింది. కొడుకు కథ ఒక మూటతో ముగిసిపోయిందని అన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడు, ఎక్కడో ఒక పొద్దున వాడు కూడా లేచి, కూర్చుని, దుప్పటి మడుస్తున్నట్టు ఆమెకి కనపడసాగింది. బాప్తిస్మం తీసుకుంటానని చెప్పినప్పుడు చెల్లెలు ఇంత ఎత్తున లేచింది. "ఈ వయసులో నిన్ను నీళ్ళల్లో ముంచుతారా? జలుబు చేస్తే ఎవరు చూస్తారే? నేను రాను, చచ్చినా రాను" అంది. మందిరం వెనక సిమెంటు తొట్టిలో ముంచి లేపేసరికి కుట్టక్కకి ముక్కులోకి నీళ్ళు పోయి, దగ్గు, తుమ్ము, వాటి మధ్యలో నవ్వు. ఆపితే ఆగదే! పాస్టరు కంగారుపడి, "అమ్మా, బాగానే ఉన్నారా?" అంటే, "ఇంకోసారి ముంచినా పర్లేదండీ" అంది. రానన్న చెల్లెలు తొట్టి పక్కనే నిలబడి ఉంది, తువ్వాలు పట్టుకుని, చెంపలు తుడుచుకుంటూ. "పాపాలు పోయాయో లేదో గానీ పిచ్చి మాత్రం పట్టింది దీనికి" అని ఆమె తల తుడిచింది.

ఆనందమంటే ఇదేనని చూపించడానికి కుట్టక్క దగ్గర వేరే ఏమీ లేదు. జీతం పెరగలేదు, మోకాలి నొప్పి తగ్గలేదు. కాకపోతే ఎదురొచ్చిన ప్రతివాళ్ళనీ పలకరిస్తుంది. శవాల గది కాపలాదారు ముప్ఫై ఏళ్ళలో ఎవరి చేతా "బాగున్నావా బాబూ" అనిపించుకోలేదు. ఇప్పుడు రోజూ ఆ మాట కోసం తలుపు దగ్గరికి వచ్చి నిలబడతాడు. శత్రువుల కోసం ప్రార్థించమని మందిరంలో అన్నప్పుడు కూడా ఆమె చేసేది. కుళాయి కట్టేసే మనిషి కోసం, చెల్లెలి అత్తగారి కోసం, ముందు వరస నుంచి జరిపిన హార్మోనియం మాస్టారి కోసం. ఇలా చిన్నా చితకా శత్రువులందర్నీ పేరుపేరునా అప్పగించేది. అసలువాడి దగ్గరికి వచ్చేసరికి ఆమెన్ అనేసేది.

మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. కిటికీలో పాదాలు పోతున్నాయి, వస్తున్నాయి. ఒక అరిగిన చెప్పు కొంతసేపు ఆగి, మళ్ళీ కదిలింది.

"నువ్వడిగేది మామూలుగా లేదు" అంది పైకే, దేవుడితో. గదిలో ఎవరూ లేరు. "వేరే ఏదైనా అడుగు. ఇచ్చేస్తాను."

తర్వాత వంగి, పసిపిల్లల గుడ్డలు పక్కకి జరిపి, కాగితం విప్పింది.

గుడ్డ ఎంత మెత్తగా ఉందంటే, గట్టిపడిన చూపుడు వేలికి కూడా తెలిసింది. నడుమ గట్టు అలాగే ఉంది. మూడు వరసలు. కావాలంటే ఇలాగే పైకి పంపించొచ్చు. సిస్టరమ్మ అడిగింది మెత్తటి దుప్పటి. ఇది మెత్తటి దుప్పటే. కుట్టు మాట ఎవరూ అనలేదు. అతనికి తగలాల్సింది తగులుతుంది, ఆసుపత్రిలో ఒక్కళ్ళకీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది, పెద్దమనిషిలా ఎదురుగా కూర్చుంది కూడా. ఆమె దాన్ని పొమ్మనలేదు, రమ్మనలేదు. బ్లేడు ముక్క అందుకుంది.

విప్పడానికే గంటన్నర పట్టింది. తన చేతి పని తనకే లొంగలేదు. దారం దారంగా తెంపాల్సి వచ్చింది. తెగిన దారప్పోగులు నేల మీద పడ్డాయి. ఒకచోట బ్లేడు జారి బొటనవేలు కోసుకుంది. గుడ్డకి అంటకుండా నోట్లో పెట్టుకుని ఆపుకుంది. మడతలు విప్పి, తడి చేసి, సీసాతో రుద్దింది. తర్వాత అంచు మీద అంచు పరిచి చేతికుట్టు మొదలుపెట్టింది. మొదటి వరసంతా ఏడుస్తూనే కుట్టింది. రెండో వరస సగానికొచ్చేసరికి, తనకి తెలియకుండానే, తలుపు కీలులాంటి ఆ గొంతుతో పాట మొదలైంది. కళ్ళద్దాలు తీసి చెంప ఆనించింది. ఈ చివర నుంచి ఆ చివరికి ఏమీ తగల్లేదు.

ఐదింటికి ఆమె మెట్లు ఎక్కుతుంటే గంట ఆయా ఎదురొచ్చింది. చేతిలో ఉన్నదేమిటో చూసింది. వెనక్కి తిరిగి తనూ ఎక్కసాగింది.

తాళాలాయన కిటికీ వైపు ఒరిగి పడుకున్నాడు. ఒకప్పుడు స్టోరు గుమ్మం నిండా ఉండే మనిషి. ఇప్పుడు మంచంలో దుప్పటి తప్ప ఎవరూ లేనట్టుంది. గంట ఆయా, ఇంకో ఆయా పట్టి ఎత్తితే, కుట్టక్క పాతది లాగేసి, కొత్తగా కుట్టింది పరిచి, మూలలు బిగించింది. మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టారు. అతను కళ్ళు తెరిచాడు. చాలాసేపు చూశాడు. పాత అలవాటు ముందుగా లేచింది.

"దీనికి చీటీ ఎవరు రాశారు?"

"చీటీ లేదు సార్. ఇది స్టోరుది కాదు. నాది."

అతను వీపు కాస్త కదిపాడు, అటొకసారి, ఇటొకసారి. దేన్నో వెతుకుతున్నట్టు.

"ఏమీ తగలడం లేదు" అన్నాడు.

"తగలదు సార్."

ఆ మాట అనేసి ఆమె మంచం పట్టీ పట్టుకుంది. అతను అన్నది పదకొండేళ్ళ కిందట వేరే నోటి నుంచి వినాల్సిన మాట. ఎవరి నోటి నుంచి వస్తేనేం, వచ్చింది. గంట ఆయా కొంగుతో ముక్కు తుడుచుకుంటూ స్టూలు జరిపింది.

"ఆ నలభై దుప్పట్లు..." అన్నాడు తాళాలాయన. ఊపిరి తీసుకున్నాడు. "తనిఖీకి ఎవరూ రాలేదమ్మా. నాలుగేళ్ళు ఉంచాను. మడతల దగ్గరే చివికిపోయాయి."

"తెలుసు. అతుకులు నేనే వేశాను కదా."

"రోజూ అనుకునేవాణ్ణి. నీ గదికి వచ్చి చెబుదామని."

"నేనూ రోజూ తలుచుకునేదాన్ని సార్ మిమ్మల్ని. దేవుడికన్నా ముందు."

అతనికి అర్థమైంది. పెదవి ఒక పక్కకి పోయింది. నవ్వే అయి ఉండాలి. పక్కనున్న చిన్న బల్ల మీద, మధ్యాహ్నం అతని కూతురు పెట్టి వెళ్ళిన కమలాపండు ఉంది. కళ్ళతో చూపించాడు. కుట్టక్క ఒలిచి, తొన మీది పొరలు తీసి నోట్లో పెట్టింది. నమలడానికి చాలాసేపు పట్టింది. రెండోది కూడా తిన్నాడు. మూడోది పెట్టబోతే తల అడ్డంగా ఊపి, "నువ్వు" అన్నాడు. ఆమె తిన్నది. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేదేమో, ఆ పులుపు ఒళ్ళంతా పాకింది.

"కింద నువ్వు పాడితే పైకి వినపడుతుంది" అన్నాడు అతను కళ్ళు మూసుకుని. "గొంతు బాగోదు."

"బాగోదు సార్. పాడమంటారా?"

"ఊఁ."

ఆమె పాడింది, వార్డులో మిగతావాళ్ళకి ఇబ్బంది లేకుండా, చిన్నగా. రెండు మంచాల అవతల ఒక ముసలాయన విసుక్కోబోయి ఊరుకున్నాడు. గంట ఆయా తన గొంతు కలపలేదు. కలిపితే ఏమవుతుందో ఆమెకీ తెలుసు. పాట అయిపోయాక కుట్టక్క ఇంకోటి ఎత్తుకుంది. అది పూర్తయ్యాక తలవంచి, అతని పేరు పలికి, ఆ పేరు తర్వాత కొంతసేపు ఆగి, అప్పుడు ఆమెన్ అంది.

ఆరింటికి సిస్టరమ్మ వచ్చి, మణికట్టు పట్టుకుని చూసి, గోడ గడియారం వంక చూసి కాగితం మీద టైము రాసుకుంది. కుట్టక్క లేచి అతని కాళ్ళ మీద కప్పిన దుప్పటి సర్ది, కూతురికి కబురు చెప్పిరమ్మని గంట ఆయాని పంపించి, తను మెట్ల వైపు నడిచింది. ఎడమ భుజం కిందకీ, కుడి భుజం పైకీ, మెల్లగా.

మంచం పక్క బల్ల మీద స్టీలు మూతలో కమలాపండు మిగిలింది: ఏడు తొనలు, ఒక పక్కగా మూడు గింజలు. వాటిలో రెండు అతనివి, ఒకటి ఆమెది.